బీడింగ్ లేని అద్దం

కుడికన్ను మైనస్ పదకొండున్నర, ఎడమది పది.
పెరంబూరు రైల్వే బడిలో నా పేరు ఇందుమతి కాదు,
సోడాబుడ్డి.
ఆ పేరు పెట్టినవాడు ఇప్పుడు వాట్సాప్‌లో
పొద్దున్నే నాకు పువ్వులు పంపుతుంటాడు.

లేజరు చేయించుకుందామనే ఎగ్మూరు వెళ్ళాను,
చీటీ పాడిన డబ్బు చేతిసంచిలో పెట్టుకుని.
డాక్టరమ్మ తెరమీద రంగుల పటం చూపించింది,
నా కంటి పైపొర అట.
"బాగా పల్చన. చెక్కితే ఏం మిగలదు" అంది,
చిల్లు పడబోయే దోసెపెనం గురించి చెప్పినట్టు.
"చెక్కొద్దు. లోపల ఒకటి పెడదాం.
నల్లగుడ్డు వెనక, నీ సొంత కటకానికి ముందు,
ఆ సందులో. వద్దనుకుంటే తీసెయ్యొచ్చు."
ఐసీఎల్, అని కాగితం మీద రాసిచ్చింది.

నాన్న నవ్వాడు. ముప్ఫై నాలుగేళ్ళు
ఐసీఎఫ్‌లో పెట్టెలకి కిటికీ అద్దాలు బిగించిన మనిషి,
ఒక్క అక్షరమే తేడా అన్నాడు.
తరవాత కుర్చీ ముందుకు జరుపుకుని
ఒక ఫిట్టరు ఇంకో ఫిట్టరుని అడిగినట్టు తమిళంలో అడిగాడు:
"బీడింగ్ ఏం వేస్తారమ్మా?"
అద్దానికీ చట్రానికీ మధ్య రబ్బరు పట్టీ లేకపోతే
అరక్కోణం దాటేలోపే గలగలమంటుంది మరి.
ఆవిడ పెన్ను పక్కన పెట్టింది.
రబ్బరు లేదు, మర లేదు,
కొలత కుదిరితే అదే కూర్చుంటుంది.
"కుదరకపోతే?"
"తీసి ఇంకోటి పెడతాం."
"అదీ" అన్నాడు నాన్న.
ఫారం మీద నా సంతకం కన్నా ముందే
ఆ మాట పడింది.

లెన్సు రావడానికి మూడు వారాలు.
ఆ మూడు వారాలూ రాత్రుళ్ళు అద్దాలు తీసేసి
మిద్దె మీద కూర్చున్నాను.
వీధిదీపాలు నానిన సగ్గుబియ్యంలా
ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
వ్యాసర్పాడి వైపు లోకల్ బండి ఒక పసుపు గీత, అంతే.
ఎవరికీ చెప్పలేదు గానీ
ఆ మసక నా సొంత గది.
అమ్మా మేనత్తా అరుచుకుంటున్నప్పుడు
అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకునేదాన్ని.
మొహాలు పోయేవి, గొంతులు మిగిలేవి.
గొంతులతో వేగడం సులువు.

ఆ రోజు చుక్కలు, చుక్కలు, మళ్ళీ చుక్కలు.
రెప్పల్ని విడదీసి పట్టుకునే చిన్న క్లిప్పు.
నా భయమంతా దాని గురించే.
"కణ్ణు, లైటునే చూడు" అంది డాక్టరమ్మ.
కంటి పేరుతోనే మనిషిని ముద్దుచేసే ఊరు ఇది,
పిలిచింది నన్నో, దాన్నో తెలీలేదు.
తమలపాకు చిలకలా చుట్టుకుని లోపలికెళ్ళి
మెల్లిగా విప్పుకుందట లెన్సు.
నాకు కనబడింది నీళ్ళు,
నీళ్ళలో ఒక దీపం విరగడం, అతుక్కోవడం.

మర్నాడు మూత తీశాక చూసిన మొదటి అద్భుతం
క్యాలెండరులో రాహుకాలం వేళలు.
మంచం మీంచే చదివేశాను.
రెండోది నాన్న గడ్డం కింద తెల్లటి గీత.
"ఇదెప్పటిది?"
"నువ్వు పుట్టకముందుది. అద్దం పగిలింది."
మందపు అద్దాల్లో లోకం ఒక సైజు చిన్నది,
ఆ గీత అందులో ఎక్కడో జారిపోయింది.

రాత్రి దీపాల చుట్టూ ఉంగరాలు కనిపిస్తాయి.
కొన్నాళ్ళుంటాయన్నారు, ఉండనీ.
తెల్లారితే చెయ్యి ఇంకా కిటికీ గట్టు తడుముతుంది.
మసక లేదు, మూసుకోడానికి చోటు లేదని
నాన్నతో అన్నాను.
"షట్టరుందిగా" అన్నాడు,
నా రెప్ప దగ్గరికి వేలు తెచ్చి, తాకకుండా.

మొన్న మళ్ళీ మొదలెట్టారు, గ్యాసుబండ గురించి.
చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఉత్తినే తిరిగొచ్చింది.
అత్త కింది పెదవి వణుకుతోంది.
ఇన్నేళ్ళ గొడవల్లోనూ
ఇలాగే వణికిందా?
షట్టరు దించలేదు.
లేచి ఆమెకి గ్లాసుడు మంచినీళ్ళిచ్చాను.
అమ్మ నావైపు ఓ చూపు చూసింది.
అదీ కనబడింది, బాగానే.